నెమాన్య వంశం వెంట పిల్లలతో సెర్బియా యాత్ర

సెర్బియాను పిల్లలకు పరిచయం చేయాలంటే రాజుల జాబితా కంటే ఒక్క కుటుంబం కథ చెప్పడం మేలు. తాత స్టెఫాన్ నెమాన్య. కొడుకుల్లో స్టెఫాన్ సెర్బియాకు మొదటి కిరీటధారి అయ్యాడు. అతని తమ్ముడు రాస్ట్కో కుర్రతనంలోనే ఇల్లు వదిలి గ్రీసులోని మఠాల కొండ ఆథోస్‌కు పారిపోయి, సావా అనే పేరుతో సన్యాసి అయ్యాడు. స్టెఫాన్ కొడుకులు వ్లాదిస్లావ్, ఉరోష్. 12, 13 శతాబ్దాల్లో వీళ్ళు కట్టించిన మఠాల వరసే మా యాత్ర: జిచా, స్తుదెనిత్సా, సొపొచాని, మిలెషెవా. బయల్దేరేముందే వంశవృక్షాన్ని పిల్లల చేతే కాగితం మీద గీయించి, ప్రతి పేరు పక్కన అతను కట్టించిన మఠం రాయించాం. గోడల మీద ఆ ముఖాలు కనిపించినప్పుడు ఈ కాగితమే పనికొచ్చింది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు 2023 జనవరి 1 నుంచి వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న షెంజెన్, అమెరికా, బ్రిటన్ వీసా ఉంటే వేరే వీసా అక్కర్లేదు. టికెట్ కొనేముందు మాత్రం రాయబార కార్యాలయంలో ఒకసారి అడగండి. హోటల్లో దిగితే పోలీసు నమోదు వాళ్ళే చేస్తారు. ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లో ఇంటివాళ్ళు నమోదు చేయించాలి. ఆ చీటీని బేలి కార్తోన్ అంటారు.

సెర్బియన్ సిరిలిక్‌లో 30 అక్షరాలు. 19వ శతాబ్దంలో వూక్ కరాజిచ్ వాటిని ఒక ధ్వనికి ఒక అక్షరంగా సరిచేశాడు. పలికినట్టే రాయడం తెలుగు పిల్లలకు అలవాటే కాబట్టి త్వరగా పట్టుబడుతుంది. చిక్కల్లా ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించేవాటితోనే. బి లా ఉన్నది వ, హెచ్ లా ఉన్నది న, పి లా ఉన్నది ర, సి లా ఉన్నది స. ఈ నాలుగూ ముందు నేర్పకపోతే రెస్టారెంట్ బోర్డును "పెక్టొపా" అని చదువుతారు. నేర్పితే దారి పొడవునా బోర్డులు చదవడమే ఆటవుతుంది.

గుడి అలవాట్లతో వెళ్ళే మన పిల్లలకు ముందే చెప్పాల్సినవి ఉన్నాయి. లోపలికి చెప్పులతోనే వెళ్ళాలి, గుమ్మం దగ్గర విప్పకూడదు. నిక్కర్లు, చేతుల్లేని బట్టలు పనికిరావు. ఆడవాళ్ళు తలకు గుడ్డ కట్టుకుంటే మంచిది. మగవాళ్ళు టోపీ తీసేయాలి. గోడ చిత్రాలను తాకి కళ్ళకద్దుకోకూడదు, చేతి చెమట రంగుకు చేటు. ఫొటోకు అనుమతి అడగాలి. పటాల వరస ఉన్న ఐకొనొస్టాస్ వెనక గర్భగుడిలోకి ఎవరూ వెళ్ళరు, కాబట్టి పరుగెత్తే వయసు పిల్లల చెయ్యి వదలకండి. కొవ్వొత్తులకు రెండు చోట్లు ఉంటాయి, పైన బతికున్నవాళ్ళ కోసం, కింద పోయినవాళ్ళ కోసం. తాతగారి ఆరోగ్యం కోరి వెలిగించేది కింద పెడితే తప్పయిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఆదివారం ఆరాధన చివర కట్టే వరస. ప్రసాదం అనుకుని పిల్లలు వెళ్ళి నిలబడతారు. చెంచాతో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం సెర్బుల క్రైస్తవ శాఖ అయిన ఆర్థడాక్స్‌లో బాప్తిస్మం పొందినవాళ్ళకే. ఆ తర్వాత పంచే రొట్టె ముక్కను నాఫొరా అంటారు, దాన్ని తీసుకోవచ్చా అని ఫాదర్‌ను అడిగి తీసుకోండి.

క్రాల్యెవో పక్కనే ఉన్న జిచా ఎర్రటి చర్చి. సావా తెచ్చుకున్న స్వతంత్ర సెర్బియన్ చర్చికి 1219లో ఇదే పీఠమైంది. ఏడుగురు రాజులకు ఇక్కడే పట్టాభిషేకం జరిగిందనీ, ఒక్కొక్కరికి ఒక్కో కొత్త ద్వారం తెరిచి తర్వాత మూసేశారనీ సెర్బులు చెప్పుకుంటారు.

అక్కడి నుంచి ఇబార్ లోయ దారి. లారీలు ఎక్కువ, కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. ఉష్చె దగ్గర మలుపు తిరిగాక కొండదారిలో వంకరలు మొదలవుతాయి. పిల్లలకు కడుపులో తిప్పుతుంది, పాలు, జున్ను తిన్న వెంటనే ఎక్కించకండి.

స్తుదెనిత్సాలో సగం రోజైనా ఉండాలి. నెమాన్య కట్టించిన తెల్ల చలువరాతి చర్చి ఇది. ఆయన 1199లో ఆథోస్‌లో కన్నుమూస్తే కొన్నేళ్ళ తర్వాత సావా దేహాన్ని ఇక్కడికి తెచ్చి, గొడవపడుతున్న అన్నలు స్టెఫాన్, వూకాన్‌లను కలిపాడు. పిల్లల్ని మొదట బయటే నిలబెట్టి, వెనకవైపు కిటికీ చుట్టూ రాతిలో చెక్కిన జంతువులను వెతకమనండి. లోపల పడమటి గోడ మీద 1209 నాటి సిలువ చిత్రం వెనక ముదురు నీలం ఆకాశం, దానిమీద బంగారు చుక్కలు. కొన్ని బొమ్మలకు కళ్ళు గీకేసి ఉంటాయి, పిల్లలు తప్పకుండా అడుగుతారు. చరిత్రలో మఠాలు పడ్డ దెబ్బలు దాచకుండా చెప్పడమే మంచిది. పక్కన 1314లో మిలుటిన్ రాజు కట్టించిన చిన్న చర్చిలో మరియమ్మ పుట్టుక చిత్రం పెద్దవాళ్ళకంటే పిల్లలకే నచ్చుతుంది.

తిండి దగ్గర శాకాహారులకు ఒక్క మాట చాలు: పోస్నో. ఉపవాస భోజనం అని అర్థం, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ చేప ఉండొచ్చు, అది వద్దని విడిగా చెప్పాలి. పెద్ద చిక్కుడుగింజలు ఉల్లిపాయతో కాల్చిన ప్రెబ్రనాత్స్, ఎర్ర మిరపకాయల పచ్చడి ఐవార్ మన నోటికి బాగుంటాయి. బుధ, శుక్రవారాల్లో చాలామంది ఉపవాసం ఉంటారు, ఆ రోజుల్లో పోస్నో దొరకడం తేలిక.

ఇంటి దైవంలాంటి స్లావా పండుగను ఇంట్లోనే చూపించాం. కుటుంబాన్ని కాపాడే పరిశుద్ధుడి దినం ఇది, తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది, 2014లో యునెస్కో జాబితాలో చేరింది. దానికి చేసే జితో ఇలా: అర కిలో గోధుమలు రాత్రంతా నానబెట్టి, పగిలేదాకా ఉడికించి, వడకట్టి, గుడ్డ మీద పరిచి ఆరబెట్టాలి. రుబ్బి, అంతే అక్రోటు పొడి, అంతే పంచదార కలపాలి. తడి ఉంటే మర్నాటికే పులిసిపోతుంది, ఆరబెట్టడంలో తొందరపడకండి. జితో పోయినవాళ్ళ జ్ఞాపకానికి కూడా చేస్తారు. అందుకే దేవదూత మైకేల్ స్లావాకు చాలామంది జితో చేయరు, దేవదూతకు చావు లేదు కనుక.

నోవి పజార్ దగ్గరి సొపొచాని ఉరోష్ కట్టించింది. పైకప్పు లేకుండా రెండు శతాబ్దాలకు పైగా వానలో నిలిచినా, 1265 ప్రాంతపు మరియమ్మ నిర్యాణ చిత్రం నిలిచింది. ఆ ఊరు బోస్నియాక్ ముస్లింలది, మసీదులూ చూడాలి. తర్వాత పెష్టెర్ పీఠభూమి వేసవిలోనూ చల్లగా ఉంటుంది, స్వెట్టర్లు పైనే పెట్టుకోండి.

ప్రియెపొల్యె దగ్గరి మిలెషెవాలో గోడ చిత్రంలో వ్లాదిస్లావ్ చేతిలో చిన్న చర్చిని పట్టుకుని ఉంటాడు. చర్చి పట్టుకున్న మనిషే కట్టించినవాడు, ఇది పిల్లలే చెప్పేస్తారు. మరో గోడ చిత్రంలో తెల్ల దేవదూత క్రీస్తు ఖాళీ సమాధి వైపు వేలు చూపిస్తూ కూర్చుంటాడు. 16వ శతాబ్దంలో మరో చిత్రం అతన్ని కప్పేసింది, 20వ శతాబ్దంలో బయటపడ్డాడు. సావా దేహం ఇక్కడే ఉండేది. 1590ల్లో ఒట్టోమన్ సేనాని సినాన్ పాషా బెల్‌గ్రేడ్‌కు తీసుకెళ్ళి కాల్పించాడు. అందుకే బెల్‌గ్రేడ్‌లో వ్రాచార్ గుట్ట మీది సావా ఆలయాన్ని చివరికి ఉంచండి. మిలెషెవా చూడకుండా మొజాయిక్ గుమ్మటం ఒక్కటే చూపిస్తే పిల్లలకు అది పెద్ద భవనంగానే మిగులుతుంది. కిందున్న నేలమాళిగలోకీ దిగండి.