పింగ్ తగ్గింది, మోటారు బయటపడింది

2014లో రాజమండ్రిలో మా ఇంటికి ల్యాండ్‌లైన్ మీద ఏడీఎస్ఎల్ నెట్ ఉండేది. లైను ఎప్పుడూ తెగేది కాదు గానీ పింగ్, అంటే మన సిగ్నల్ వెళ్ళి జవాబు తిరిగొచ్చే సమయం, మొదటి హాప్‌కే (దారిలో మొదటి మజిలీకే) 40 మిల్లీసెకన్లు. రాత్రిళ్ళు గేమ్‌లో నేను తుపాకీ ఎత్తేలోపే అవతలివాడు నన్ను లేపేసేవాడు.

మోడెమ్ పేజీ తెరిస్తే ‘ఇంటర్‌లీవ్డ్’ అని కనిపించింది. లైను మీద వెళ్ళే డేటాకి, తప్పులు సరిదిద్దుకోడానికి చెక్ బైట్లు జతవుతాయి. రీడ్-సాలమన్ పద్ధతిలో ఒక కోడ్‌వర్డ్‌కి (డేటా, చెక్ బైట్లు కలిసిన కట్టకి) 16 చెక్ బైట్లుంటే, పాడైన బైట్లు 8 దాకా బాగుపడతాయి. కానీ లైన్లో నాయిస్ చిటుక్కుమంటే బైట్లు వరసగా పోతాయి, 8తో ఆగదు. అందుకే వేర్వేరు కోడ్‌వర్డ్‌ల బైట్లని పేకముక్కల్లా కలిపి పంపుతారు, అదే ఇంటర్‌లీవ్. దెబ్బ ఒక్క కోడ్‌వర్డ్ మీద పడకుండా అన్నిటికీ తలా కాస్త పంచుకుపోతుంది. కాకపోతే ముక్కలన్నీ చేరేదాకా ఇవతల మోడెమ్ కాచుకుని కూర్చోవాలి. నా పింగ్ అక్కడే పెరిగిపోతోంది.

ఇది మన మోడెమ్‌లో మార్చేది కాదు, ఎక్స్ఛేంజ్‌లోనే మార్చాలి. మూడుసార్లు తిరిగితే ఫాస్ట్ పాత్ (ఈ కలపడం లేని పద్ధతి) పెట్టారు. పింగ్ 18! ఆ రాత్రి నాకు పండగే.

పొద్దున్న ఆరింటికి నెట్ పోయింది. మర్నాడూ ఆరింటికే. మోడెమ్ ముందు కూర్చుంటే సీఆర్‌సీ ఎర్రర్లు (బాగుపడని తప్పుల లెక్క) ఆటో మీటరులా గిర్రున తిరిగాయి, డీఎస్ఎల్ లైటు ఆరిపోయింది. అదే క్షణంలో పెరట్లో బోరు మోటారు గుర్రుమంది. నాన్న ట్యాంకు నింపుతున్నారు.

లైన్‌మ్యాన్ వచ్చి గోడ వెంబడి వైరు పట్టుకుని నడిచాడు. “ఆయ్, మీ వైరు స్టార్టర్‌ని రాసుకుంటూ పోతోంది బాబూ. ఈ జాయింటు చూడండి, చిలుం పట్టేసింది.” ముక్క తుంచి చూపించాడు, రాగి పచ్చగా పొడైపోయింది. అంటే ఇన్నాళ్ళూ రోజూ దెబ్బ తగులుతూనే ఉంది, ఇంటర్‌లీవ్ గుట్టుగా సర్దేస్తోంది. మోడెమ్ పేజీలో ఎఫ్ఈసీ లెక్క (సరిదిద్దిన తప్పులు) లక్షల్లో ఉన్నా నేనే పట్టించుకోలేదు.

మెలితిప్పిన జంట వైరు తెప్పించి అవతలి గోడ మీదుగా లాగించాను. ఆరింటి గొడవ వదిలింది. వానాకాలంలో స్తంభం మీది జాయింట్లోకి నీళ్ళు దిగాయి, మళ్ళీ తెగడం మొదలైంది. ఈసారి 4 మిల్లీసెకన్లే ఆలస్యం చేసే ఇంటర్‌లీవ్ ప్రొఫైల్ అడిగాను. “ఏదో ఒకటి ఖాయం చేసుకోండి సార్” అని విసుక్కుంటూనే మార్చారు. పింగ్ 24 దగ్గర ఆగింది, లైను నిలబడింది.

నాన్న మాత్రం చాన్నాళ్ళు స్విచ్ మీద చెయ్యి పెట్టి అరిచేవారు: “ఒరేయ్, మోటారు వెయ్యనా?”