జింకతో మొదటి ఆదివారం

ఇంగ్లండులోని డర్హామ్ బస్టాండులో తొమ్మిదింబావు బస్సు రాలేదు. బోర్డు మీద మొదట ఆలస్యం అని చూపించి, కాసేపటికి ఆ వరుసే తీసేశారు. ఆదివారం కదా, తర్వాతది మళ్లీ గంటకి. 2024 ఏప్రిల్, ఉగాది వెళ్లి ఐదు రోజులైంది. మా ఇల్లెందులో ఈపాటికి ఫ్యాను కింద కూడా కూర్చోలేని ఎండ. ఇక్కడేమో ఆరు డిగ్రీలు, పైగా ఈదురుగాలి. మా కుక్క జింక నా కాళ్ల మధ్య దూరి గజగజ వణుకుతోంది. దాని ఒంట్లో కొవ్వు దాదాపు ఉండదు, బొచ్చు కూడా బాగా పలచన. రెండు కోట్లు తొడిగినా ఆగని వణుకు అది.

బస్సు అయితే అప్పట్లో 2 పౌండ్లు. బయట ట్యాక్సీలని అడిగితే మొదటాయన కుక్కని చూసి కుదరదన్నాడు. రెండో ఆయన 26 పౌండ్లు అడిగాడు, సీటు మీద దుప్పటి పరిస్తేనే ఎక్కమన్నాడు. ఎనిమిది మైళ్లకి 26 పౌండ్లు! న్యూకాసిల్ నుంచి ఇక్కడిదాకా రైల్లో జింకకి టికెట్టే అక్కర్లేదు, ఈ దేశంలో మనిషికి రెండు కుక్కల దాకా రైల్లో ఉచితమే. ఆ మిగిలిందంతా ఇక్కడ పోయింది. కానీ కుక్కల పరుగుల క్లబ్బులో కొత్తవాళ్లు పదింటిలోపు రావాలన్నారు. ఇచ్చేశాను. దారంతా ఆ 26 పౌండ్లే తలచుకుంటూ కూర్చున్నాను.

జింక విప్పెట్ అనే పరుగు కుక్కల జాతిది. పదిహేను నెలల ఆడకుక్క, పదకొండున్నర కిలోలు. గ్రేహౌండ్‌ని సగానికి కుదించినట్టు ఉంటుంది. లోతైన ఛాతీ, పిడికెడు నడుము, విల్లులా వంగిన వెన్ను. ఇంట్లో రోజంతా సోఫా మీద నా దుప్పటిలోనే ఉంటుంది, కాలింగ్ బెల్ మోగినా తల ఎత్తదు. అలాంటిది మా న్యూకాసిల్‌లోని టౌన్ మూర్ మైదానంలో తాడు విప్పగానే నేలకి ఆనకుండా పోతుంది. ఈ జాతి పరుగే అంత. ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయి. ఒకసారి ఒళ్లు ముడుచుకున్నప్పుడు, ఒకసారి పూర్తిగా సాగినప్పుడు. పేరు ఊరికే పెట్టలేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆ మైదానంలో ఒకావిడ ఆగి దీని పరుగు చూసింది. "దీన్ని రేసులకి తీసుకెళ్లట్లేదా?" అని అడిగింది. ఇంట్లో పెంచుకునే విప్పెట్లకే ఆదివారాలు పరుగులు పెట్టే చిన్న క్లబ్బు డర్హామ్ పక్కన ఉందని, డబ్బు పందేలు ఉండవని చెప్పింది. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. తీరా వెళ్దామనుకున్న వారం మా ఆయనకి ఆసుపత్రి డ్యూటీ పడింది, కారు ఆయనతో వెళ్లిపోయింది. మళ్లీ వారం వెళ్దామన్నాడు. నేనే ఆగలేకపోయాను.

ఊరి మొదట్లో సిమెంటు దిమ్మెలో సగం దాకా పాతిన పెద్ద ఇనప చక్రం ఒకటి కనిపించింది. దానికి ఎర్రరంగు వేశారు, చుట్టూ పూలమొక్కలు పెట్టారు. గనిలోకి మనుషుల్ని దించే ఇనప బోను, అంటే కేజ్, దాని తాడు తిరిగిన చక్రం అది. డర్హామ్ జిల్లాలో గనులు మూతపడిన చాలా ఊళ్లలో ఇలా గుర్తుగా ఉంచుకున్నారు. ఇక్కడికి తూర్పున సముద్రం ఒడ్డునున్న ఈసింగ్టన్ గని 1993లో మూతపడింది. ట్యాక్సీ దాటిపోయినా తల తిప్పి చూస్తూనే ఉన్నాను. మా బాపు ముప్పై రెండేళ్లు సింగరేణిలో చేశాడు. మా వైపు గని అనం, బాయి అంటాం. "బాయికి పోయిండు" అంటే అర్థం కానివాళ్లు ఇల్లెందులో ఉండరు.

మైదానం నేను ఊహించినట్టు లేదు. స్టేడియం లేదు, గ్యాలరీ లేదు. ఊరి వెనక పొడుగాటి గడ్డి నేల, ఒక చివర ఐదు గదుల ఇనప పెట్టె, రెండో చివర ఒక మోటారు. ఇరవై పాతిక మంది మనుషులు, ముప్పై దాకా కుక్కలు. కారు డిక్కీలన్నీ తెరిచే ఉన్నాయి. ఒక్కో డిక్కీలో దుప్పట్లు కప్పుకున్న రెండు మూడు విప్పెట్లు బయటికి చూస్తున్నాయి. ఆ ఇనప పెట్టెని ట్రాప్స్ అంటారు. మోటారుకి కట్టిన పొడవాటి తాడు చివర తెల్ల ప్లాస్టిక్ కవర్ల పీలికలు ఉంటాయి, అది లూర్. మోటారు తాడుని చుట్టేసుకుంటుంటే ఆ పీలికలు కుందేలులా గడ్డి మీద ఎగురుతూ పోతాయి.

ఒక పుస్తకం పట్టుకుని తిరుగుతున్న ఆవిడ నన్ను వరసగా అడిగింది. ఏడాది నిండిందా? ఎద మీద లేదు కదా? కాగితాలున్నాయా? ఏడాది లోపు కుక్కని పరిగెత్తనివ్వరు, ఎముకలు ముదరవు. ఎదకొచ్చిన కుక్కని మైదానంలోకే రానివ్వరు, మిగతా కుక్కల ధ్యాసంతా చెదిరిపోతుంది కాబట్టి. కాగితాలంటే జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ రిజిస్ట్రేషన్. అవి ఉన్న కుక్కలకి విప్పెట్ క్లబ్ రేసింగ్ అసోసియేషన్ పోటీలు, రేసింగ్ పాస్‌పోర్టు అన్నీ వేరే. కాగితాలు లేని వాటికి బ్రిటిష్ విప్పెట్ రేసింగ్ అసోసియేషన్ ఉంది. ఈ రెండిటి జోలికీ ఇప్పుడే పోనక్కర్లేదంది ఆవిడ. ఆ తర్వాత అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు.

"అటు చివర పట్టుకునేది ఎవరు?"

ఒక కుక్కకి ఇద్దరు మనుషులు కావాలట, ఇక్కడ వదలడానికి ఒకరు, అక్కడ పట్టుకోవడానికి ఒకరు. పరుగు అయ్యాక ఉద్రేకంలో ఉన్న కుక్కని వెంటనే పట్టుకుని తాడు వేయాలి. లేకపోతే లూర్ కోసం ఒకదాని మీద ఒకటి పడతాయి. నేను ఒక్కదాన్నే వచ్చానని చెప్పాను. 26 పౌండ్లు గుర్తొచ్చాయి, ఏడుపొచ్చినంత పనైంది.

పక్క కారు డిక్కీ మీద కూర్చుని టీ తాగుతున్న పెద్దాయన కప్పు కింద పెట్టి లేచాడు. "నేను చూసుకుంటా, పెట్" అన్నాడు. ఈ ప్రాంతంలో ఆడవాళ్లని, పిల్లల్ని ప్రేమగా పెట్ అని పిలుస్తారు. అంతకుముందు దుకాణాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం నా చెవికి అది అచ్చంగా "బిడ్డా" అన్నట్టే వినిపించింది.

డెబ్బై దాటి ఉంటాడు. ముందు జింకని పలకరించలేదు, వెనక కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తొడలు నొక్కి చూశాడు. ఒక్కో పంజా ఎత్తి వేళ్ల మధ్య చూశాడు. గోళ్లు పొడుగున్నాయన్నాడు, సంచిలోంచి కత్తెర తీసి తనే కొంచెం కొంచెం తీశాడు. ముందు కాళ్లకి లోపలి వైపు పైన ఉండే చిన్న గోరుకి టేపు చుట్టాడు, పరుగులో అది చీరుకుపోతే రోజుల తరబడి మానదట. ఎప్పుడు తిన్నదని అడిగాడు. పొద్దున్న ఆరింటికి కొంచెమే పెట్టానంటే తల ఊపాడు. కడుపు నిండా తిని పరిగెత్తితే కడుపు మెలిపడి ప్రాణం మీదికి రావచ్చు.

అప్పుడు నాకు మధిర దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో బండలాగుడు పోటీలు గుర్తొచ్చాయి. పోటీ ముందు మా మేనమామ ఒంగోలు గిత్తల దగ్గర ఇలాగే గిట్టలు చూసేవాడు, తొడలు నిమిరేవాడు. ఎవరేం మాట్లాడినా పలికేవాడు కాదు. ఆ చేతులూ ఈ చేతులూ ఒకటే.

మజిల్ తొడగడం దగ్గర జింక మొరాయించింది. అన్ని కుక్కలకీ మజిల్ తప్పనిసరి. ఉద్రేకంలో పక్కదాన్ని కరవకుండా అది, నూర్పిళ్లప్పుడు ఎడ్ల మూతికి కట్టే చిక్కం లాంటిది. దాన్ని ఇంట్లోనే అలవాటు చేసి ఉండాల్సింది. ఇంటర్నెట్‌లో నేను కొన్న 15 పౌండ్ల గుడ్డ మజిల్ చూసి ఆయన పక్కన పెట్టేశాడు. నోరు బిగిసిపోతుంది, పరిగెత్తే కుక్క రొప్పడానికి నోరు తెరవాలి కాబట్టి బుట్టలాంటిదే కావాలి అన్నాడు. తన కుక్క పాతది ఇచ్చాడు.

మొదటి ప్రయత్నం బాగా జరగలేదు. ట్రాప్స్ లేకుండా, తోడు కుక్కలు లేకుండా, అరవై గజాలు మాత్రమే. నేను పట్టుకుని వదలాలి, ఆయన చివర్న నిలబడ్డాడు. లూర్ కదిలింది. జింక ఒక్కసారిగా లాగేసరికి నా చేతుల్లోంచి జారిపోయింది. ముప్పై గజాలు బాణంలా వెళ్లి ఆగింది, వెనక్కి తిరిగి నన్ను చూసింది. అంతే, లూర్‌ని వదిలేసి నా దగ్గరికి వచ్చేసింది. చుట్టూ ఎవరూ నవ్వలేదు, అయినా నాకు గొంతు పట్టేసింది.

పెద్దాయన నడుచుకుంటూ వచ్చాడు. "తప్పు దానిది కాదు, నాది. దానికి కావాల్సింది నువ్వు. నిన్ను ఇక్కడ పెట్టి అక్కడికి పొమ్మంటే ఎందుకు పోతుంది?" అన్నాడు. తన తాత కాలంలో మోటార్లూ లూర్‌లూ లేవట. యజమాని రెండు వందల గజాల అవతల నిలబడి పాత గుడ్డ ఊపుతూ కేకలు పెట్టేవాడు, కుక్క ఆ గుడ్డ కోసం పరిగెత్తేది. ఇటువైపు ఇంకొకడు దాని మెడ పట్టు ఒక చేత్తో, తోక మొదలు ఇంకో చేత్తో పట్టుకుని, తుపాకీ పేలగానే పరుగులోకి విసిరేవాడట. గని కార్మికులు, మిల్లు కార్మికులు పెంచుకున్న కుక్కలివి. విప్పెట్‌ని పేదవాడి పందెపు గుర్రం అనేవారు. గుర్రాన్ని మేపలేని మనిషి తన తిండిలోంచే దీనికీ పెట్టాడు.

అలా ఇద్దరం చోట్లు మార్చుకున్నాం. జింక రోజూ పడుకునే తువ్వాలు నా సంచిలో ఉంది. అది తీసుకుని మోటారు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అరవై గజాలంటే ఎంత దూరమో అక్కడి నుంచి చూస్తే తెలిసింది. జింక గడ్డిలో ఒక బూడిదరంగు చుక్క. ఆయన చెయ్యెత్తాడు. నేను తువ్వాలు ఊపుతూ "జింకా! దా! దా దా దా!" అని అరిచాను. తెలుగులోనే. నా గొంతు అంత గట్టిగా బయటికి వచ్చి ఎన్నేళ్లయిందో.

వచ్చింది. చెవులు వెనక్కి అంటుకుపోయి, కళ్లు పీలికల మీదే పెట్టి, గడ్డి తప్ప ఇంకేం లేనట్టు వచ్చింది. కాళ్లు కనపడలేదు. నేలని తన్నే చప్పుడు మాత్రం దగ్గరైంది, డబడబడబమని. మోటారు దగ్గర ఆగిన లూర్ మీద పడింది, మజిల్‌లోంచే దాన్ని పట్టుకోవాలని తల విదిలించింది. దాన్ని పట్టుకుని గడ్డిలో కూలబడిపోయాను. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. ఇంట్లో సోఫా మీద పడుకునే కుక్క కాదది. ఇన్ని నెలలు నాతో ఉన్నా ఈ జింక నాకు తెలియదు.

ఇంకోసారి, ఈసారి రెండు వందల గజాలు అని నేను బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. ఇంకా కావాలి అనిపిస్తుండగానే ఆపాలట. విసిగిపోయేదాకా పరిగెత్తిస్తే లూర్ మీద ఇష్టం పోతుంది, అలసిన కండ చీలుతుంది. రెండో ఆదివారం వంద గజాలు. తర్వాత రెండు వైపులా తెరిచిన ట్రాప్‌లోంచి నడిపించడం, ఆ తర్వాత ముందు తలుపు మూసి తెరవడం. ఆ పైన పక్క కుక్కని పట్టించుకోకుండా లూర్ వెంటే పోయే నమ్మకమైన కుక్కతో జోడీ. ఐదు కుక్కలతో పరుగు వేసవి చివరికి అన్నాడు. నాకు అప్పటికప్పుడు కోపం వచ్చింది, నిజం చెప్తున్నా. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చింది అరవై గజాలకా? ఆయన నా మొహం చూడలేదు, జింకకి కోటు తొడిగి పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించమని తాడు నా చేతిలో పెట్టాడు.

నడిపిస్తూ మిగతావాటి పరుగులు చూశాను. ట్రాప్స్ పైకి లేస్తే ఐదు రంగుల కోట్లు ఒక్కసారి బయటపడతాయి. రెండు వందల గజాలకి పన్నెండు సెకన్లు, అటూ ఇటూగా. అంటే సగటున గంటకి 55 కిలోమీటర్ల దాకా. కళ్లార్పితే అయిపోతుంది. ఒకే జోరున్న కుక్కల్ని ఒక గుంపులో వేయడానికి బరువులు తూచి రాసుకుంటున్నారు. గిత్తల్ని రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేసే పద్ధతి నాకు తెలుసు కాబట్టి, ఆ పుస్తకం దగ్గర జరిగే వాదనలన్నీ సులభంగా అర్థమయ్యాయి. అర కిలో తేడాకి ఇద్దరు పెద్దమనుషులు పావుగంట పోట్లాడారు.

మధ్యాహ్నం ఒక బల్ల మీద స్టాటీలు అమ్మారు, 3 పౌండ్లు. బల్లపరుపుగా ఉండే గుండ్రటి మందపాటి రొట్టె, ఈ ప్రాంతపు ప్రత్యేకత. మధ్యలో పీజ్ పుడింగ్ రాశారు. పసుపుపచ్చ బఠాణీ పప్పుని మెత్తగా ఉడికించి ముద్ద చేస్తారు, ఎక్కువగా పంది మాంసం ఉడికిన నీళ్లతో. మొదటి ముద్దకే ఆగిపోయాను. ముద్దపప్పు! నెయ్యీ ఆవకాయా లేవు గానీ ముద్దపప్పే. ఇక్కడికొచ్చి నాలుగేళ్లయినా ఇది నోట్లో పెట్టనేలేదు. పెద్దాయనకి చెప్తే, గనిలోకి తీసుకెళ్లే బెయిట్‌లో ఇదే ఉండేదన్నాడు. బెయిట్ అంటే పని దగ్గర తినే తిండి. మా బాపు కూడా బొగ్గు గనిలో చేశాడని అప్పుడు చెప్పాను. ఆయన తినడం ఆపి మొదటిసారి నా వైపు తిరిగి సరిగా చూశాడు. "ఎంత లోతు?" అని అడిగాడు. నాకు తెలియదు.

సాయంత్రం బస్సు టైముకే వచ్చింది, రైల్లో జింక నా పాదాల మీద తల పెట్టి న్యూకాసిల్ దాకా కదల్లేదు. ఇంటికొచ్చి ఇల్లెందుకి ఫోన్ చేసేసరికి అక్కడ రాత్రి పదకొండున్నర. బాపు మేలుకునే ఉన్నాడు. రాత్రి షిఫ్టుల అలవాటు రిటైరై ఇన్నేళ్లయినా పోలేదు.

"పందెమెంత బిడ్డా?"

"పందెం లేదు బాపూ. ఊరికే."

"ఊరికేనా?" అని కాసేపు ఆగాడు. "మరి ఆ ముసలాయన బాయిల ఏం పని చేసిండు?"

"అడగలేదు."

"ఫస్టు షిఫ్టా, నైటా?"

"అదీ అడగలేదు బాపూ. ఆయన మన బాయి ఎంత లోతని అడిగిండు."

బాపు లోతు చెప్పాడు. ఏటవాలు దారిన దిగే ఏ ఇంక్లైన్‌లో ఎన్నేళ్లు చేశాడో, కేజ్ లేని చోట ఎంత దూరం నడిచి దిగేవాళ్లో కూడా చెప్పుకొచ్చాడు. నాతో ఎప్పుడూ చెప్పని సంగతులు. ఫోన్ చెవికి పెట్టుకునే ఫ్రిజ్ మీదున్న కాగితం లాక్కుని వచ్చే ఆదివారం కోసం రాసుకున్నాను: బుట్ట మజిల్, టేపు, గోళ్ల కత్తెర, వంద గజాలు, బాపు బాయి లోతు, ఆయనది ఏ షిఫ్టు.