చేతిలో గడియారం పెట్టుకొని కొనాల్సిన మిషన్: ఇంటి వర్క్‌షాప్‌కు ఎయిర్ కంప్రెసర్

హన్మకొండలోనో, వరంగల్ స్టేషన్ రోడ్డులోనో దుకాణానికి పోయి కంప్రెసర్ కావాలంటే ముందుగా అడిగేది "ఎన్ని హెచ్‌పీ? ఎన్ని లీటర్లు?" అని. రెండూ తెలుసుకోవాల్సినవే. కానీ మిషన్ మీ పనికి సరిపోతుందో లేదో ఆ రెండూ చెప్పవు. లీటర్లంటే ట్యాంకు సైజు. హెచ్‌పీ అంటే మోటర్ బలం. ట్యాంకులో ఒత్తిడి నిండుగా ఉన్నప్పుడు కూడా పంపు నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోయగలదు అన్నదే అసలు లెక్క. దీన్ని ఎఫ్ఏడీ అంటారు. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాలతో ఉండే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్న లెక్క) చాలాసార్లు ఇది కాదు, డిస్‌ప్లేస్‌మెంట్. అంటే సిలిండర్ కొలతను తిరిగే వేగంతో గుణించిన కాగితం లెక్క.

ఉదాహరణకు 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 60 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 900 ఆర్‌పీఎం ఉన్న ఒక సిలిండర్ పంపు తీసుకోండి. లెక్క కడితే నిమిషానికి 208 లీటర్లు, అంటే 7.3 సీఎఫ్ఎం. (ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు.) ట్యాంకు 7 బార్ (ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ ఒత్తిడి) మీదున్నప్పుడు అదే పంపు నుంచి వచ్చేది అందులో మూడింట రెండు వంతులు, 140 లీటర్ల దగ్గర. పిస్టన్ పైకి వచ్చినా సిలిండర్ తల దగ్గర కొంత గాలి మిగిలిపోతుంది. పిస్టన్ దిగేటప్పుడు అది మళ్లీ వ్యాకోచించి, కొత్త గాలికి చోటివ్వదు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. స్టిక్కర్ అబద్ధం చెప్పిందని కాదు, మీరడగని ప్రశ్నకు జవాబు రాసింది అంతే.

ఇక మీ పనికెంత కావాలి? కారు టైరును 25 పీఎస్ఐ నుంచి 32కు ఎక్కించడానికి 15 లీటర్లు చాలు. బొమ్మల మీద సన్నగా రంగులు వేసే ఎయిర్ బ్రష్‌కు నిమిషానికి 15 నుంచి 25. వడ్రంగి వాడే బ్రాడ్ నెయిలర్‌కు ఒక్కో మేకుకు లీటరుకు అటూ ఇటూ. వీటికి ఏ చిన్న మిషనైనా సరిపోతుంది. కష్టమంతా స్ప్రే గన్‌తో మొదలవుతుంది. పైన రంగు పోసే కప్పు ఉండే 1.4 మిల్లీమీటర్ల నాజిల్ గన్ నిమిషానికి 200 నుంచి 280 లీటర్లు తాగుతుంది. అదే 0.8 లేదా 1.0 నాజిల్ చిన్న గన్ అయితే 80 నుంచి 120తో సరిపెట్టుకుంటుంది. ఎక్కువ గాలితో, తక్కువ ఒత్తిడితో కొట్టే హెచ్‌వీఎల్‌పీ గన్ 300 దాటుతుంది. గాలితో తిరిగే గుండ్రటి సాండర్‌కు 250 నుంచి 400 కావాలి, అదీ ఆగకుండా. సాండర్ కోసం ఇంట్లో కంప్రెసర్ పెంచుకోవడం దండగ, కరెంటు సాండర్ కొనుక్కుంటే తీరిపోతుంది. ఎవరూ లెక్కలోకి తీసుకోనిది దుమ్ము ఊదే బ్లో గన్. 2 మిల్లీమీటర్ల రంధ్రం, 6 బార్ ఒత్తిడి ఉంటే అది కూడా నిమిషానికి 200 లీటర్ల దాకా లాగుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల మీది నూగు ఊదేవాళ్లయినా, ఇంట్లో లేత్ శుభ్రం చేసుకునేవాళ్లయినా దీన్ని 3 బార్‌కు తగ్గించి వాడితే గాలి దాదాపు సగం మిగులుతుంది, కంట్లో రజను పడే భయమూ తగ్గుతుంది.

నిర్మల్ పొణికి చెక్క బొమ్మల్లాంటి చిన్న వస్తువులకు డ్యూకో కొట్టాలంటే చిన్న గన్, 1 హెచ్‌పీ బెల్టు మిషన్ (మోటర్ బెల్టుతో పంపును తిప్పే రకం), 50 లీటర్ల ట్యాంకు చాలు. బీరువా తలుపులు, బైకు ట్యాంకులు, గేట్లు అయితే 2 హెచ్‌పీ, 100 లీటర్ల దగ్గరికి రావాలి. ఎందుకో లెక్క చూద్దాం. 2 హెచ్‌పీ పంపు నికరంగా 150 ఇస్తుంది, గన్ 250 తాగుతుంది. ట్యాంకు 8 బార్ దగ్గర ఆగి, 6 బార్‌కు దిగినప్పుడు మోటర్ మళ్లీ ఎత్తుకుంటుంది. గన్‌కు సాఫీగా గాలి అందాలంటే ట్యాంకు 4 బార్ కంటే తగ్గొద్దు. ఒక్కో బార్ దిగితే ట్యాంకు తన సైజంత గాలి ఇస్తుంది కాబట్టి, 8 నుంచి 6కు దిగేలోపు 100 లీటర్ల ట్యాంకు ఇచ్చేది 200 లీటర్లు, అంటే 48 సెకన్లు. 6 నుంచి 4కు ఇంకో 200 లీటర్లు, కానీ ఇప్పుడు పంపు కూడా తోస్తుంది కాబట్టి లోటు నిమిషానికి 100 మాత్రమే, అంటే 2 నిమిషాలు. మొత్తం 2 నిమిషాల 48 సెకన్లు ట్రిగ్గర్ వదలకుండా కొట్టొచ్చు. 50 లీటర్ల ట్యాంకైతే అందులో సగం, తలుపు మధ్యలో గాలి అయిపోయి రంగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. నిజానికి చేయి తిప్పుకుంటూ, ట్రిగ్గర్ వదులుకుంటూ కొడతారు కాబట్టి 2 హెచ్‌పీతో పని నడుస్తుంది. పెద్ద ట్యాంకు తాత్కాలికంగా ఆదుకుంటుందే తప్ప పంపు చేతగానితనాన్ని కప్పిపెట్టలేదు. చిన్న పంపుకు పెద్ద ట్యాంకు తగిలిస్తే అది నింపడానికే మోటర్ ఊపిరాడక చస్తుంది.

దుకాణంలో చేయాల్సిన పరీక్ష ఒక్కటే. బయటికి పోయే వాల్వు మూయించి మిషన్ నడిపించండి. ముల్లు 6 బార్ దాటగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి, 8కి రాగానే ఆపండి. ట్యాంకు లీటర్లను 2తో గుణించి, పట్టిన నిమిషాలతో భాగించండి. 50 లీటర్ల ట్యాంకుకు సరిగ్గా ఒక నిమిషం పడితే పంపు నిమిషానికి 100 లీటర్లు ఇస్తున్నట్టు. ఖాళీ ట్యాంకు నుంచి కొలవొద్దు. మొదట్లో ఒత్తిడి లేక పంపు చురుగ్గా తోస్తుంది, లెక్క ఆశ పెడుతుంది. ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి. ఆన్‌లైన్‌లో కొంటే వచ్చిన రోజే ఈ కొలత తీయండి, వాపసు గడువు దాటిన తర్వాత తీసి లాభం లేదు.

ఇంకో తిరకాసు: రెండు సిలిండర్లు కనబడగానే టూ స్టేజ్ (గాలిని రెండు విడతల్లో నొక్కే రకం) అనుకుంటారు. రెండూ ఒకే సైజులో ఉంటే అది సింగిల్ స్టేజే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో రెక్కల పైపు ఉంటేనే టూ స్టేజ్. 8 బార్‌తో తీరిపోయే ఇంటి పనికి దాని అవసరం లేదు.

ఆయిల్ లేనిదా, ఉన్నదా? చవకగా దొరికే 24 లీటర్ల ఆయిల్-ఫ్రీ మిషన్లలో చాలావరకు మోటర్‌కు నేరుగా తగిలించి 2800 ఆర్‌పీఎం మీద తిరిగేవే. వాడ మొత్తం వినిపిస్తుంది, టెఫ్లాన్ రింగు త్వరగా అరుగుతుంది. 1400 ఆర్‌పీఎం మీద తిరిగే సైలెంట్ రకం మాట్లాడుకునేంత శబ్దంతో నడుస్తుంది. ఎయిర్ బ్రష్‌కు, నెయిలర్‌కు, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు అదే మేలు. రంగుల పని ఎక్కువుంటే మాత్రం బెల్టు మిషనే. పంపు 700 నుంచి 1000 మీద నిదానంగా తిరుగుతుంది, రింగులు, వాల్వు ప్లేట్లు విడిగా దొరుకుతాయి, ఏ మెకానిక్కైనా విప్పగలడు. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసుకునేవాళ్లూ ఉన్నారు. అది ఇచ్చేది నిమిషానికి 20, 30 లీటర్లే, పైగా ఆయిల్ కక్కుతుంది. ఎయిర్ బ్రష్ దాకా సరే. దానికి ట్యాంకుగా వంట గ్యాస్ సిలిండర్ తగిలించడం మాత్రం మానుకోండి. నీళ్లు వదలడానికి దానికి అడుగున దారి ఉండదు, తుప్పు లోపల్నుంచి తింటుంటే బయటికి కనబడదు.

కరెంటు సంగతి జర జాగ్రత్తగా చూడాలి. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటర్ నడిచేటప్పుడు 9, 10 ఆంపియర్లు, ఎత్తుకునేటప్పుడు ఒక్క క్షణం దానికి ఐదారింతలు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు. 16 ఆంపియర్ల సాకెట్, మీటర్ దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సీ-కర్వ్ ఎంసీబీ పెట్టించండి. బీ-కర్వ్ అయితే స్టార్టింగ్ దెబ్బకే పడిపోతుంది, తప్పు మోటర్ మీదికి పోతుంది. 3 హెచ్‌పీ, ఆపైన అయితే త్రీ ఫేజ్‌కే పోవాలి. ఎండకాలం సాయంత్రాలు వోల్టేజీ 190కి దిగే వాడల్లో మోటర్ ఎత్తుకునే బలం మూడో వంతు పోతుంది, ఎందుకంటే అది వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. అప్పుడు మోటర్ గుయ్యిమని మూలిగి ఓవర్‌లోడ్ కొడుతుంది. కంప్రెసర్ దూరంగా పెట్టి పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగినా ఇదే జరుగుతుంది. మిషన్‌ను ప్లగ్గు దగ్గరే ఉంచి గాలి పైపును పొడుగు చేసుకోండి. ఇంటి పని దాటి గిరాకీకి చేస్తే ఎల్‌టీ-1 ఇంటి మీటర్ మీద నడపకూడదు, హన్మకొండలో కేంద్ర కార్యాలయం ఉన్న కరెంటు సరఫరా సంస్థ ఎన్‌పీడీసీఎల్ దగ్గర కేటగిరీ మార్పించుకోవాలి.

మోటర్ మూలగడానికి వోల్టేజీ ఒక్కటే కారణం కాదు. మిషన్ ఆగిన వెంటనే ప్రెజర్ స్విచ్ దగ్గర ఒక్క క్షణం "స్స్" అని వినబడాలి. పంపు తలలో, పైపులో చిక్కిన గాలిని అన్‌లోడర్ వాల్వు వదిలేసే చప్పుడు అది. అది వినబడకపోతే పంపు 8 బార్‌ను ఎదిరించి మొదలుకావాలి, మోటర్ వల్ల కాదు. ఇందుకు విరుద్ధంగా ఆ చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే తప్పు స్విచ్‌ది కాదు, ట్యాంకు మూతి దగ్గరుండే నాన్-రిటర్న్ వాల్వుది. ట్యాంకులోని గాలి వెనక్కి వచ్చి స్విచ్ దారిలో పోతున్నట్టు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి దాన్ని విప్పి, లోపలి రబ్బరు బిళ్ల కింద చిక్కిన మసి తుడిస్తే చాలాసార్లు అదే కుదురుకుంటుంది. ఇది తెలియక స్విచ్ మార్చి డబ్బులు పోగొట్టుకునేవాళ్లు మస్తు మంది.

తర్వాతి శత్రువు నీళ్లు. వానకాలంలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే ఒక ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 8 బార్‌కు నొక్కి చల్లారనిస్తే 3 గ్రాములు మిగిలి 21 గ్రాములు నీళ్లుగా మారతాయి. నిమిషానికి 150 లీటర్ల పంపు ఒక గంట నడిస్తే దాదాపు ఒక గ్లాసు నీళ్లు. మే నెలలో 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రోజు అదే లెక్క నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఎండకాలంలో అద్దంలా వచ్చిన పూత జులైలో పొక్కులు లేస్తుంది. రోజూ పని అయిపోగానే ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదలండి, 1 లేదా 2 బార్ ఉన్నప్పుడు తిప్పితే అడుగు మడ్డి కూడా కొట్టుకుపోతుంది. వాటర్ ఫిల్టర్‌ను చాలామంది ట్యాంకు మూతికే బిగిస్తారు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు ఆవిరిగానే దాన్ని దాటిపోయి పైపులో చల్లబడి గన్‌లోంచి పడుతుంది. కనీసం 5, 6 మీటర్ల పైపు తర్వాత పెట్టండి. గోడకు శాశ్వత లైన్ వేస్తే అరంగుళం జీఐ పైపు చాలు, కొంచెం వాలుతో, గన్‌కు పోయే కొమ్మను పైపు పైభాగం నుంచి తీసి, చివర నీళ్లు దిగే ముక్క వదలాలి. పీవీసీ పైపు వేయొద్దు. నీళ్లకు పగిలితే కారుతుంది, గాలికి పగిలితే ముక్కలై ఎగురుతుంది. గాలి పనిముట్లకు ఆయిల్ చుక్కలు వేసే లూబ్రికేటర్ ఉంటే దాని పైపు వేరు, రంగు పైపు వేరు. ఆయిల్ తగిలిన పైపుతో రంగు కొడితే చేపకళ్లు (పూతలో గుండ్రటి గుంతలు) తప్పవు.

పైపు కొనేటప్పుడు ఒక మాట. నీలం పీయూ పైపు 8 మిల్లీమీటర్లంటే బయటి కొలత, లోపల 5 మాత్రమే ఉంటుంది. రబ్బరు హోసుకు చెప్పేది లోపలి కొలత. స్ప్రే గన్‌కు లోపల 8 ఉండాలి. రెగ్యులేటర్ 3 బార్ చూపిస్తున్నా గన్ నీరసంగా కొడితే ముందు అనుమానించాల్సింది పైపునే. స్ప్రింగులా చుట్టుకునే పైపు టైర్లకు బాగుంటుంది, రంగుకు కాదు.

రేకుల షెడ్డులో మధ్యాహ్నం లోపలి వేడి బయటి కంటే ఎక్కువ. ఇలాంటి మిషన్లు 10 నిమిషాల్లో 6 నిమిషాలు నడిచి 4 ఆగేలా చూసుకోవాలి. నీడ ఉన్న వరండాలో, ఫ్లైవీల్ వైపు గోడకు అడుగు దూరం వదిలి పెట్టండి. ఫ్లైవీల్ రెక్కలు గాలిని సిలిండర్ మీదికి కొట్టాలి. త్రీ ఫేజ్‌లో వెనక్కి తిరుగుతుంటే ఏ రెండు వైర్లయినా మార్చి కలపండి. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి నూగు, కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము గాలి ఫిల్టర్‌ను వారం తిరిగేసరికి మూసేస్తాయి, విప్పి దులపండి. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగాలి. కాళ్ల కింద పాత టైరు ముక్కలు వేయండి, కాంక్రీటుకు బోల్టులతో బిగిస్తే అదురుకు ట్యాంకు వెల్డింగ్ చిట్లుతుంది.

ఆయిల్ మాత్రం కంప్రెసర్‌ది, వీజీ 100 (చిక్కదనం గ్రేడు). బైకులో పోసే 20డబ్ల్యూ-40 పోస్తే అందులోని డిటర్జెంట్ నీటిని పట్టుకొని నురగ కడుతుంది, వాల్వు ప్లేట్ల మీద మసి పేరుస్తుంది. మొదటి మార్పు 50 గంటలకు, తర్వాత 300 గంటలకోసారి. పంపు మీద ఆయిల్ మట్టం చూపే అద్దంలో సగం దాకా ఉండాలి. పైకి పోస్తే ఎక్కువైన ఆయిల్ గాలితో పాటు మీ రంగులోకి వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కొంటే ముందు అడుగు వాల్వు తిప్పి చూడండి. ఎర్రటి మడ్డి ధారగా వస్తే, ట్యాంకు కింద సుత్తితో తట్టినప్పుడు ఒకచోట చప్పుడు మందంగా మారితే వదిలేయండి. ట్యాంకు మీద ప్యాచ్ వెల్డింగ్ కనబడితే బేరం కూడా ఆడొద్దు. సేఫ్టీ వాల్వు రింగు లాగితే గాలి ఎగదన్ని, వదలగానే మూసుకోవాలి. ఇంటికి తెచ్చాక కూడా నెలకోసారి లాగండి. రాత్రి 8 బార్ నింపి స్విచ్ తీసేసి పడుకుంటే పొద్దున 7 దగ్గరైనా ఉండాలి. అంతకంటే కిందికి వచ్చిందంటే ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్లు పూయండి. 6 బార్ దగ్గర ఒక్క మిల్లీమీటరు రంధ్రం నిమిషానికి 60 లీటర్లు పోగొడుతుంది, అంటే చిన్న మిషన్ ఇచ్చే గాలిలో సగానికి పైనే.