చీర అంచు తోక

ఇవాళ పిల్లలిద్దరితో పాత పేపరు గాలిపటం చేశాను. రెండు చీపురుపుల్లలు, ఒకటి నిలువుగా, ఇంకోటి విల్లులా వంచి. జిగురు కోసం ఇల్లంతా వెతుకుతుంటే అమ్మ గుప్పెడు అన్నం మెతుకులు తెచ్చి చేతిలో పెట్టింది. చిన్నది అందులో సగం నోట్లో వేసుకుంది!

పుల్లలకు కట్టే సూత్రం దారం ఎంత వదలాలో మర్చిపోయాను. ఎగరేస్తే గిరగిరా తిరిగి తులసికోట మీద పడింది. "తోక చాల్లేదురా" అంది అమ్మ. పాత చీర అంచు మూరెడు చింపి కట్టాం. ఈసారి కొబ్బరిచెట్టు తలదాకా వెళ్ళింది.

మాంజా కొనలేదు. 2017లో నిషేధించిన నైలాన్ దారం ఇంకా చేతులు మారుతోందని టెన్షన్. అందుకే కుట్టుదారం. కాసేపటికే తెగింది. పెద్దాడు ఏడవలేదు, లోపలికెళ్ళి ఇంకో పేపరు తెచ్చాడు. ఇవాళ్టిది. నేనింకా తెరవనైనా లేదు.