అరువు తెచ్చిన సీల్

2009 వానాకాలం. హైదరాబాద్ జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులో ఉన్నాను. పదకొండున్నరకి ప్రొడక్షన్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "అన్నా, మూడో రియాక్టర్ సీల్ కారుతోంది" అన్నాడు. వెళ్లి చూస్తే, మందు తయారయ్యే ఆ ట్యాంకులో సరుకు కలిపే అజిటేటర్ షాఫ్ట్ దగ్గర, లీకవకుండా ఆపే మెకానికల్ సీల్ పోయింది. బ్యాచ్ సగంలో ఉంది. తెల్లారేదాకా అలాగే వదిలేస్తే లోపలంతా గడ్డకట్టేస్తుంది. స్టోర్స్‌లో చూస్తే ఆ సైజు సీల్ లేదు.

మా గోడ అవతల, మాలాగే మాత్రల్లోకి వెళ్లే ముడి మందు చేసే ఇంకో బల్క్ డ్రగ్ కంపెనీ. అక్కడ నేను రెండేళ్లు పనిచేశాను కాబట్టి వాళ్ల రియాక్టర్లు కూడా అదే సైజని తెలుసు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో కూడా తెలుసు. ఫోన్ చేశాను. అతను వాళ్ల ఇన్‌చార్జిని ఒప్పించి, తిరిగి ఇచ్చే షరతు మీద గేట్ పాస్ రాయించి, వాచ్‌మన్ చేత సీల్ పంపాడు. పాత తువ్వాలులో చుట్టి, పైన వాన పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి మరీ పంపాడు. నాలుగింటికల్లా అజిటేటర్ మళ్లీ తిరిగింది. వారం తర్వాత మేం కొత్త సీల్ కొని వాళ్లకి ఇచ్చేశాం.

అప్పట్లో అది నాకు మామూలు విషయం. దాని విలువ తెలిసింది 2014లో. జీతం పెరుగుతుందని, హోదా పెరుగుతుందని వేరే జిల్లాలో కొత్తగా కట్టిన ప్లాంటుకి వెళ్లాను. మంచి ప్లాంటు, కొత్త మెషీన్లు. చుట్టూ పది కిలోమీటర్లు జొన్న చేలు, పత్తి చేలు. అక్కడా ఒకరోజు అలాంటి సీలే పోయింది. హైదరాబాద్ నుంచి మనిషి బస్సెక్కి తెచ్చేసరికి మూడో రోజు. రియాక్టర్ లోపలి గాజు పూత చిన్న పెచ్చు ఊడినా హైదరాబాద్ మనిషే రావాలి. పని రెండు గంటలే అయినా రానుపోను రెండు రోజుల కూలీ, బస ఖర్చు మనదే. దాంతో ప్రతి వస్తువూ రెండేసి కొని స్టోర్స్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. జీడిమెట్లలో అయితే వీధంతా మా స్టోర్సే అన్నట్టుండేది.

ఇదంతా కంపెనీ బాధ. నా బాధ వేరే. మా ఆవిడ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో మందు శుద్ధత పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ చూస్తుంది. ఆ ప్లాంటు ల్యాబ్‌లో ఖాళీ లేదు. అది కాకుండా ఆ చుట్టుపక్కల ఇంకో ల్యాబే లేదు. తొమ్మిదేళ్ల అనుభవం పెట్టుకుని ఇంట్లో కూర్చుంది. నాకు పెరిగిన జీతం తను పోగొట్టుకున్న దానిలో సగం కూడా లేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె మొహం చూడలేకపోయేవాణ్ణి. 2016లో తిరిగి జీడిమెట్ల పక్కనున్న చింతల్ వచ్చేశాం. నెల తిరక్కుండా తనకి మూడు ఇంటర్వ్యూలు.

ఇన్ని కంపెనీలు ఇక్కడే ఎందుకు చేరాయని అడిగితే మా మామయ్య దగ్గర జవాబు ఉంది. ఆయన ఐడీపీఎల్‌లో ఆపరేటర్‌గా రిటైరయ్యారు. కేంద్ర ప్రభుత్వం 1961లో పెట్టిన సంస్థ అది. సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర మందుల ఫ్యాక్టరీ కట్టారు. మందుల తయారీ అంటే తెలియని ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు అక్కడ పని నేర్చుకున్నారు. తర్వాత 1970 పేటెంట్ చట్టం వచ్చింది, 1972లో అమల్లోకి వచ్చింది. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంట్ అన్నారు. 2005లో చట్టం మారేదాకా, ఇంకో దారిలో అదే మందు చేయగలిగితే చేసుకోనిచ్చేవారు. చట్టం దేశమంతటికీ ఒకటే. కానీ ఆ ఇంకో దారి కనిపెట్టగల కెమిస్టులు, రియాక్టర్ నడపగల ఆపరేటర్లు ఒక్కచోట ఉండాలి కదా. గుజరాత్‌లో అంకలేశ్వర్, వాపి వైపు అలా ఉన్నారు. మన దగ్గర బాలానగర్ చుట్టూ ఉన్నారు. అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. పేరు తెలియని వాళ్లు ఇంకెందరో. ఐడీపీఎల్ 1992లో ఖాయిలా పడింది. అందులో నేర్చుకున్న పని మాత్రం చుట్టుపక్కల షెడ్లన్నిటిలోకీ వెళ్లిపోయింది. మామయ్య ఇప్పటికీ ఫలానా కంపెనీ అనరు, "మా వాడి కంపెనీ" అంటారు.

నేను శ్రీకాకుళం జిల్లా నుంచి ఐటీఐ సర్టిఫికెట్‌తో వచ్చి పెళ్లయ్యేలోపు నాలుగు కంపెనీలు మారాను. అద్దె గది మాత్రం ఒక్కసారి కూడా మారలేదు. గోడ దాటితే వెయ్యి ఎక్కువ ఇస్తారని తెలిస్తే దాటేవాళ్లం. ఓనర్లు తిట్టుకునేవారు, మళ్లీ వాళ్లూ పక్క కంపెనీ మనిషినే తెచ్చుకునేవారు. ఒక చోట నేర్చిన కిటుకు ఇంకో చోటికి వెళ్లేది అలాగే. మాకు బేరమాడే బలం వచ్చిందీ అలాగే. ఒకే ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో సూపర్‌వైజర్ కసిరితే తల వంచుకోవడం తప్ప దారి లేదు, అది కూడా చూశాను.

కానీ ఈ దగ్గరితనానికి ఇంకో మొహం కూడా ఉంది. అది దాచి రాస్తే తప్పవుతుంది. రాత్రి పన్నెండు దాటాక ఫ్యాక్టరీల నుంచి సాల్వెంట్ల (రసాయన ద్రావకాల) వాసన వస్తే కిటికీ మూసి పాపను లోపలి గదిలో పడుకోబెట్టేవాళ్లం. నేను నడిపే మెషీన్లలాంటివే ఆ వాసనకి కారణమని నాకు తెలుసు. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఇంకా ఘోరం. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోకి, ఇసకవాగులోకి పారి పొలాలు పాడయ్యాయి. 1990లో విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్క ఫ్యాక్టరీ మురుగైతే వాగు ఎలాగో తట్టుకునేదేమో. వరసగా ఇన్ని చేరేసరికి తట్టుకోలేకపోయింది. జీతాలు మాకొచ్చాయి, మురుగునీళ్లు వాగు కింది రైతుల పొలాలకి వెళ్లాయి. కొత్త జిల్లాలో ఫార్మా పార్కు అనగానే అక్కడి రైతులు అడ్డం తిరిగితే నాకు కోపం రాదు.

అలాంటి పార్కులోనే మా జూనియర్ ఒకడికి మొన్న ఆఫర్ వచ్చింది. జీతం ముప్పై శాతం ఎక్కువట. షాపూర్‌నగర్‌లో టీ తాగుతూ "వెళ్లమంటావా అన్నా?" అని అడిగాడు.

"మీ ఆవిడ ఏం చేస్తోంది?" అన్నాను.

"మైక్రోబయాలజీ ల్యాబ్‌లో."

"అక్కడ ఇంకే కంపెనీల్లో ల్యాబ్‌లున్నాయో కనుక్కున్నావా?"

లేదన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి ఫోన్ తీశాడు.