స్టాఫ్ ఫొటోలో లేని మాస్టారు

మన పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి మన మాస్టార్ల గురించి రాయమన్నారు. వాళ్ళ గురించి రాయడానికి మీలో చాలామందే ఉన్నారు. మన బ్యాచ్‌లో సగంమందికి చదివే పిచ్చి ఎక్కించిన పెద్దమనిషి ఒకాయన స్టాఫ్ ఫొటోలో లేడు. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. చందమామలో ధారావాహికలు రాసిందాయనే.

అప్పుడు ఆ పేరు మనలో ఒక్కరికీ తెలీదు. బొమ్మల మూల చిత్ర గారి సంతకం ఉండేది, శంకర్ గారి సంతకం ఉండేది. సీరియల్‌కి మాత్రం రచయిత పేరు వేసేవారు కాదు. బొమ్మ వేసినవాళ్ళెవరో చెప్పగలిగిన మనం, కథ రాసిందెవరంటే నోరు వెళ్ళబెట్టేవాళ్ళం. అసలు ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

మన హైస్కూలు రోజుల్లో ఆయన సీరియల్ మాయాసరోవరం నడుస్తోంది. ఒక్క చందమామ క్లాసంతా తిరిగేది. ముందు బేతాళ కథ, తరవాత సీరియల్ అని కొందరు. మొదట సీరియల్ తిరగేసి ‘ఇంకా ఉంది’ దగ్గర తిట్టుకుంటూ ఆగేవాళ్ళు ఇంకొందరు. మూడో బెంచీలో కూర్చునే మన పోస్టుమాన్ గారి అబ్బాయి ఏడాది చివర సీరియల్ పేజీలన్నీ జాగ్రత్తగా ఊడదీసి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్టగా వేసేవాడు. అది అద్దెకిచ్చేవాడు కూడా. అద్దె ఒక జామకాయ.

సుబ్రహ్మణ్యం గారిది గుంటూరు జిల్లా. 1952లో మద్రాసు వెళ్ళి చందమామలో చేరారు. రచయిత కొడవటిగంటి కుటుంబరావు గారు అక్కడికి వచ్చిందీ ఆ ఏడే. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, మకర దేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం... భల్లూక మాంత్రికుడు దాకా మొత్తం పన్నెండు సీరియళ్ళు. అవి వేరే భాషల చందమామల్లోకీ వెళ్ళాయి కాబట్టి మనలాగే ఎదురుచూసిన పిల్లలు దేశమంతా ఉన్నారన్నమాట. 2006 దాకా ఆ పత్రికలోనే ఉన్నారు. ఒకే కొలువులో యాభై నాలుగేళ్ళు!

ఇప్పుడు చదివితే ఆయన పనితనం తెలుస్తోంది. వాక్యాలు పొట్టి. వర్ణన రెండు ముక్కలు, వెంటనే ఎవడో ఒకడు చెట్టు మీంచి దూకుతాడు. కథని ఒక్క వీరుడి నెత్తిన పెట్టడు, జంటగా నడిపిస్తాడు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ కత్తి దూస్తే జీవదత్తుడు ఆలోచిస్తాడు. శిథిలాలయంలో శిఖిముఖికి విక్రమకేసరి, మాయాసరోవరంలో జయశీలుడికి సిద్ధసాధకుడు. ఎంత పెద్ద మాంత్రికుడైనా కాస్త తెలివితక్కువవాడే, అందుకే భయపడుతూనే నవ్వుకునేవాళ్ళం.

ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. మన అమ్మాయిలకి ఆయన కథల్లో పని చాలా తక్కువ. మాయాసరోవరంలో రాకుమారి కాంచనమాల ఉన్నది వెతికించుకోవడానికే. గుర్రమెక్కి అడవిలోకి వెళ్ళే భాగ్యం మనకి లేదు. అయినా మధ్యాహ్నం బెల్లు అయ్యాక వేపచెట్టు కింద సిద్ధసాధకుడిలా ‘జై మహాకాల్’ అని గట్టిగా అరిచింది మేమే. సిద్ధసాధకుడి వేషం ఎప్పుడూ నాదే.

2010 జనవరిలో ఆయన పోయారు. పేపర్లో వచ్చిన నివాళి చూశాకే, నలభై దాటిన వయసులో, నాకు పేరు తెలిసింది. ఇంత పనిచేసిన మనిషి పేరు పాఠకుడికి చేరడానికి అంతకాలం పట్టడం పత్రికల పద్ధతి అని సరిపెట్టుకోబుద్ధి కాలేదు. తరవాత ఆ సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయి, అట్ట మీద ఆయన పేరుతో. కొనుక్కున్నాను. ఏకబిగిన చదివేయొచ్చు కానీ, నెలనెలా ఆగి చదివిన రుచి వేరు.

శిథిలాలయమే అన్నిట్లోకీ గొప్పదని వాట్సాప్ గ్రూపులో రెండు వారాలుగా వాదిస్తున్నవాళ్ళున్నారు. నా ఓటు మాయాసరోవరానికే. సమ్మేళనానికి రండి, భోజనాల దగ్గర తేల్చుకుందాం. పోస్టుమాన్ గారబ్బాయీ, ఆ కుట్టిన పుస్తకాలు నీ దగ్గర ఇంకా ఉంటే పట్టుకురా. జామకాయలు నేను తెస్తాను.