రెండు కేసులు, సాయంత్రం ఒక వీడియో

ఈరోజు లిస్టులో రెండే కేసులు. పొద్దున గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీయడం, దాని తర్వాత హెర్నియా. సాయంత్రం హన్మకొండలో మా సర్జన్ల మీటింగ్ ఉందని ఓపీ త్వరగా ముగిసేలా చూసుకున్నాను.

గాల్‌బ్లాడర్ పేషెంటుది పరకాల పక్కన ఊరు. యాభై దాటిన మనిషి, కూలికి పోతుంది. చాన్నాళ్లుగా తిన్న తర్వాత కుడి పక్కటెముకల కింద నొప్పి, అక్కణ్నుంచి వీపులోకి. గ్యాస్ అనుకుని గోళీలతో నెట్టుకొచ్చింది. నిన్న రాత్రి రౌండ్స్‌కు వెళ్లగానే ఆమె అడిగిన మొదటి మాట, "బిడ్డా, పత్తి ఏరుడుకు ఎప్పుడు పోవచ్చు?"

చిన్న గాట్లలోంచి కెమెరా, పరికరాలు పెట్టి చేసే ల్యాప్రోస్కోపీ పద్ధతి విలువంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పక్కటెముకల కింద పెద్ద కోత పెడితే మళ్లీ వంగి లేచి పని చేయడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు పత్తి ఏరే రోజుల్లో పడితే ఆ ఇంటికి ఏడాది లెక్కే తప్పుతుంది. నాలుగు చిన్న గాట్లతో అయిపోతే ఒకట్రెండు రోజుల్లో ఇంటికి పోతుంది, కొద్ది రోజుల్లోనే తన పనులు తాను చేసుకుంటుంది. నలభై దాటాక నేను మళ్లీ విద్యార్థినై, ఈ పని సాధన చేసే బాక్స్ ముందు కూర్చున్నది ఇలాంటి వాళ్ల కోసమే.

అయినా ఆమెకు ఒట్టు పెట్టి చెప్పలేదు. "అమ్మా, కెమెరాతోనే మొదలు పెడతా. లోపల బాగా అతుక్కుని ఉండి దారి కనిపించకుంటే కోసి చేస్తా. అట్ల చేయాల్సొస్తే అది నీ మంచికే" అన్నాను. కొడుకును కూడా పిలిచి అదే మాట చెప్పాను. ముందురోజు రాత్రి ఈ మాట అనకపోతే, మర్నాడు థియేటర్‌లో మనమిచ్చిన మాటకు మనమే కట్టుబడిపోతాం. కోయాల్సిన చోట చెయ్యి వెనకాడుతుంది.

కేసు నిజంగానే సులువుగా లేదు. కడుపులో కార్బన్ డయాక్సైడ్ నింపి, ప్రెషర్ 12 దగ్గర నిలిపి కెమెరా పెట్టగానే తెలిసింది. కడుపులోని కొవ్వు పొర వచ్చి గాల్‌బ్లాడర్‌ను కప్పేసింది. దాన్ని మెల్లగా దించి, గాల్‌బ్లాడర్ పైభాగాన్ని కుడి భుజం వైపు ఎత్తి పట్టించి, కింద మెడ దగ్గర పని మొదలుపెట్టాను. అక్కడ చిన్న త్రికోణం లాంటి చోటు ఉంటుంది. మా పని మొత్తంలో అపాయం ఉన్నది ఆ కాస్త జాగాలోనే. గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే చిన్న నాళాన్ని కట్ చేయాలి. కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే పెద్ద నాళాన్ని ముట్టకూడదు. వాపు ఉన్నప్పుడు ఆ రెండూ దగ్గరికి లాక్కుని, చూడటానికి ఒకటే అన్నట్టు కనిపిస్తాయి.

1995లో అమెరికాలో పనిచేసే స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ దీనికి ఒక నియమం రాసి పెట్టాడు. త్రికోణంలో కొవ్వు, పీచు అంతా తీసేసి శుభ్రం చేయాలి. గాల్‌బ్లాడర్ కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీయాలి. ఆ తర్వాత గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండంటే రెండే కనిపించాలి, ఒక నాళం, ఒక రక్తనాళం. మూడూ కుదిరేదాకా, కట్ చేసే ముందు నాళాన్ని మూసే క్లిప్ పెట్టకూడదు. వినడానికి ఎంత తేలిక! నాలుగు నిమిషాల్లో చదివేసి పరీక్షలో రాసేయొచ్చు. రక్తం ఊరుతున్న చోట, గంట దాటాక, అనస్తీషియా డాక్టర్ గడియారం వైపు చూస్తున్నప్పుడు పాటించడమే కష్టం.

కెమెరా పట్టుకున్న కుర్రాడు ఈ మధ్యే ఎంఎస్ పూర్తి చేశాడు, చురుకైనవాడు. రెండు నిర్మాణాలు కనిపించగానే "క్లిప్ అడగనా మేడం?" అన్నాడు. నేను చేతులు ఆపి, "నీకేం కనిపిస్తుందో చెప్పు, ఒక్కొక్కటి" అన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు. రెండో నియమం దగ్గరికి వచ్చేసరికి తనే ఆగాడు. "వెనక ఇంకా విడదీయాలి మేడం" అన్నాడు. ఇంకో పావుగంట పట్టింది. ఆ పావుగంట నాకు చాలా తృప్తినిచ్చింది. తెర మీద వెనక ఉన్న కాలేయం కిటికీలోంచి కనిపించినట్టు స్పష్టంగా కనిపించాక, థియేటర్ నర్సు కూడా వినేలా పైకి చెప్పి, అప్పుడు క్లిప్పులు పెట్టాం.

గట్టిగా పైకి చెప్పించడం వెనక కారణం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లారెన్స్ వే బృందం ఇలా పైత్యనాళం తెగిన 252 కేసులను విశ్లేషించి 2003లో ప్రచురించింది. వాటిలో 97 శాతం కేసుల్లో అసలు కారణం కంటికి కలిగిన భ్రమ. చెయ్యి తడబడి తెగినవి చాలా తక్కువ. పెద్ద నాళాన్నే చిన్న నాళం అనుకుని, పూర్తి నమ్మకంతో కట్ చేశారు. అంటే మంచి చెయ్యి ఉన్నవాళ్లకు కూడా ఇది జరుగుతుంది. మనసు ఒకసారి 'ఇదే' అని నిశ్చయించుకున్నాక దానికి ఎదురు సాక్ష్యం కళ్లెదుట ఉన్నా కనిపించదు. పక్కన ఇంకో జత కళ్లు ఉండాలి, ఆ కళ్లున్న మనిషికి నోరు విప్పే చనువు ఉండాలి. నేను నా థియేటర్‌లో ఆ చనువు ఇవ్వకపోతే ఏ కోర్సూ దాన్ని తెచ్చి పెట్టదు.

హెర్నియా భూపాలపల్లి నుంచి వచ్చిన పెద్దాయనది. సింగరేణిలో పని చేసి రిటైరయ్యాడు, ఊపిరితిత్తులు అంత బాగా లేవు. ఒక పక్కే ఉంది, మొదటిసారి వచ్చింది. నడుముకు మత్తు ఇచ్చి మామూలుగా కోసి మెష్ (వల) పెట్టాను. "నాకు కెమెరాది చేయరా మేడం?" అని ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. పూర్తి మత్తు, కడుపులో గ్యాస్ ఆ ఊపిరితిత్తులకు మంచివి కావని చెప్తే ఒప్పుకున్నాడు. కొత్త విద్య నేర్చుకున్నామని అందరి మీదా దాన్నే ప్రయోగించడం నాకు నచ్చదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత కాసేపు బాక్స్ ముందు కూర్చున్నాం, నేనూ ఆ కుర్రాడూ. ప్లాస్టిక్ డబ్బాకు రంధ్రాలు చేసి, లోపల లైటు, కెమెరాగా పాత ఫోను. పరికరం పొట్ట గోడ దగ్గర ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతుంది కాబట్టి మన చెయ్యి కుడికి పోతే లోపల కొస ఎడమకు పోతుంది. పైగా చూసేది లోతు తెలియని తెర. అద్దంలో చూస్తూ ఇంకొకరి తలకు జడ అల్లినట్టు ఉంటుంది మొదట్లో. ఇరవై ఏళ్లు ఓపెన్ సర్జరీ చేసిన వేళ్లు ఉన్నట్టుండి అనుభవం లేని వేళ్లు అయిపోతాయి. మా వయసు వాళ్లు చాలామంది దీన్ని మొదలుపెట్టకపోవడానికి కారణం ఆ ఇబ్బందే అని నా నమ్మకం. డబ్బు, తీరిక తర్వాతి సంగతులు.

అమెరికాలో సర్జన్లకు పెట్టే ప్రాథమిక ల్యాప్రోస్కోపీ పరీక్షలో ఐదు పనులుంటాయి. చిన్న రింగులను ఒక పరికరంతో తీసి గాలిలోనే రెండో పరికరానికి అందించి అవతల పెట్టడం, గాజుగుడ్డ మీద గీసిన వలయాన్ని గీత తప్పకుండా కత్తిరించడం, ఉచ్చు వేసి బిగించడం, కుట్టు వేసి ముడి బయట కట్టి లోపలికి నెట్టడం, అదే ముడి లోపలే కట్టడం. కుర్రాడికి చివరిదే కష్టం. నాకూ అదే. రోజూ కాసేపు కట్టకపోతే వేళ్లు మర్చిపోతాయి. యేల్ యూనివర్సిటీ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్ సిమ్యులేటర్ మీద ముందు శిక్షణ పొందిన రెసిడెంట్లు (శిక్షణలో ఉన్న డాక్టర్లు) గాల్‌బ్లాడర్ విడదీయడం 29 శాతం త్వరగా చేశారు. శిక్షణ లేనివాళ్లు గాల్‌బ్లాడర్‌ను గాయపరచడమో పక్క భాగాన్ని కాల్చడమో ఐదింతలు ఎక్కువ. పేషెంటు మీద చేయాల్సిన మొదటి పొరపాట్లు డబ్బాలోనే అయిపోతే ఎంత మేలు.

కోర్సుల గురించి కూడా రాసుకోవాలి. మన దేశంలో మంచి కోర్సులున్నాయి. ల్యాప్రోస్కోపీ సర్జన్ల సంఘాలు రెండున్నాయి, అమాసి, ఐయేజెస్ అని. అమాసి వాళ్లు పరీక్ష పెట్టి ఇచ్చే ఫెలోషిప్ ఉంది, ఐయేజెస్ వాళ్లది ఉంది. అక్కడ నేర్పేవాళ్లు మనసు పెట్టి నేర్పుతారు. లోటు ఆ తర్వాత ఉంటుంది. సర్టిఫికెట్ పట్టుకుని కాజీపేటలో రైలు దిగిన మర్నాడు మొదటి కేసు చేసేటప్పుడు పక్కన నిలబడేవాళ్లుండరు. ఐదేళ్లకు 30 గంటల నిరంతర విద్య అని డాక్టర్ల నియమావళిలో ఉంది. హాల్లో కూర్చున్న గంటలు లెక్కకొస్తాయి. పక్క ఊరి సర్జన్ థియేటర్‌లో నిలబడి చూసిన గంట, బాక్స్ ముందు గడిపిన గంట లెక్కకు రావు. ఈ లెక్క మారాలి. నా అభిప్రాయంలో మొదటి కొన్ని కేసులకు అనుభవమున్న సర్జన్ తోడు లేకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు. ఆ తోడు దొరికే ఏర్పాటు జిల్లా స్థాయిలోనే ఉండాలి.

మా మీటింగ్ అందుకే మొదలైంది. జనగామ, మహబూబాబాద్, కరీంనగర్ నుంచి కూడా వస్తారు. ఒకరు తమ ఆపరేషన్ వీడియో తెస్తారు. షరతు ఒకటే, కత్తిరింపులు ఉండకూడదు. పేషెంటు అనుమతి తీసుకుని, పేరు, ఊరు ఏవీ కనిపించకుండా చూపిస్తారు. ఈరోజు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన, తమ్ముడిలాంటి కుర్ర సర్జన్ వంతు. బాగా చీముపట్టిన గాల్‌బ్లాడర్. త్రికోణం మొత్తం గట్టి ముద్దలా ఉంది, ఎక్కడ ముట్టినా రక్తం. అతను నలభై నిమిషాలు ప్రయత్నించి, ఇక కిందికి పోవద్దని నిర్ణయించి, గాల్‌బ్లాడర్‌ను పైనే తెరిచి, రాళ్లన్నీ ఏరి, అడుగు భాగాన్ని వదిలేసి, లోపలి ద్రవం బయటికి పోయేలా డ్రెయిన్ గొట్టం పెట్టి బయటికొచ్చాడు. సగం తీయడం అనొచ్చు దీన్ని. పేషెంటు క్షేమంగా ఇంటికెళ్లాడు. పెద్ద కాన్ఫరెన్సుల్లో నాకు తరచుగా కనిపించేవి ఎనిమిది నిమిషాలకు కుదించిన అందమైన వీడియోలే. ఆగిపోవడం ఎలాగో చూపించే వీడియో నాకు వంద రెట్లు ఎక్కువ నేర్పింది.

వాదన కూడా గట్టిగానే జరిగింది. జనగామ డాక్టర్ గారు "కోసి ఓపెన్ చేయాల్సింది కదా?" అన్నారు. అప్పుడు కరీంనగర్ తమ్ముడు నిజం చెప్పాడు. "సార్, నేను పీజీలో ఓపెన్ గాల్‌బ్లాడర్లు చూసిందే తక్కువ. చేసింది ఇంకా తక్కువ. నాకు కెమెరాతోనే లోపల బాగా కనిపిస్తుంది. ఓపెన్ చేస్తే నా చేతికి పరిచయం లేని చోటుకి పోయినట్టు."

గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. 'కష్టమైతే ఓపెన్ చెయ్' అని మేమంతా అలవాటుగా చెప్పే మాట, ఓపెన్ వచ్చినవాళ్లకే పనికొస్తుంది. మా తరం ఓపెన్ నుంచి కెమెరాకు నేర్చుకుంది. ఈ తరం కెమెరాతోనే మొదలైంది. కాబట్టి నిరంతర విద్య అంటే కొత్తది పెద్దవాళ్లకు నేర్పడం ఒక్కటే అనుకుంటే సరిపోదు, పాతది చిన్నవాళ్లకు అందాలి కూడా.

మాలో అందరికంటే పెద్దాయన, రిటైరైన సార్, ఆ మాట అందుకున్నారు. ఎనభైల్లో ఆయన కు.ని. ఆపరేషన్ల క్యాంపుల్లో పని చేశారు. అప్పుడు డీపీఎల్ (పొట్టకు రెండు చిన్న గాట్లు పెట్టి దుర్భిణితో చేసే కు.ని. ఆపరేషన్) చేసేవాళ్లు దుర్భిణికి కన్ను ఆనించి చూసేవాళ్లట. "తెర లేదమ్మా. చూసేది ఒక్కడే. పక్కనోడికి ఏం నేర్పుతం?" అన్నారు. 1985 సెప్టెంబరులో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదటిసారి ఇలా గాల్‌బ్లాడర్ తీస్తే అక్కడి సర్జన్లు మెచ్చుకోలేదని, 1990లో ముంబయి జేజే హాస్పిటల్‌లో ఉద్వాడియా మన దేశంలో మొదలుపెట్టారని ఆయనే చెప్పారు. కెమెరా తెరకు ఎక్కాకనే సర్జన్ కన్ను చూసేది గదిలో అందరూ చూడగలిగారు. ఇప్పుడు దాన్ని దాచుకుని పదిసార్లు చూడొచ్చు. అయినా రికార్డింగుల్లో చాలావరకు వారం తిరక్కుండానే చెరిపేస్తున్నాం.

అమెరికాలోని మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (ఊబకాయానికి ఆపరేషన్ చేసే) సర్జన్లు తలా ఒక వీడియో ఇస్తే, ఎవరిదో తెలియకుండా తోటి సర్జన్లే మార్కులు వేశారు. 2013లో వచ్చిన ఆ ఫలితాన్ని ఈరోజు మళ్లీ గుర్తు చేశాను. తక్కువ మార్కులు పడ్డ పావు భాగం సర్జన్ల పేషెంట్లలో 14.5 శాతం మందికి ఇబ్బందులొచ్చాయి, ఎక్కువ మార్కులు పడ్డ పావు భాగం వాళ్ల దగ్గర 5.2 శాతమే. తోటివాళ్ల కన్ను అంత నిజం చెప్తుందని తెలిశాక, దాన్ని తప్పించుకుని తిరగడం పేషెంట్లకు అన్యాయం.

చివరికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎవరి థియేటర్‌లోనైనా ఓపెన్ గాల్‌బ్లాడర్ చేయాల్సొస్తే, ముందే అనుమానం ఉన్న కేసైతే, రోజు ముందు గ్రూపులో పెట్టాలి. కుర్రాళ్లలో వీలున్నవాళ్లు వచ్చి చేతులు కడుక్కుని నిలబడతారు. సార్ కూడా వస్తానన్నారు. వచ్చే నెల వీడియో వంతు నాది. ఈ పొద్దున రికార్డింగును హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాను, ఆ పావుగంట ఆగిన చోటుతో సహా. పేషెంటు దగ్గర చూపించడానికి అనుమతి రేపు రౌండ్స్‌లో అడగాలి.